షంషాబాద్ పల్లెల శ్రమకాలం

క్రైస్తవ సంవత్సరంలో ఈస్టరు పండుగకు ముందు వచ్చే నలభై దినాల ఉపవాస కాలాన్ని తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు శ్రమకాలమనీ, లెంటు దినాలనీ అంటాయి; కతోలిక సంఘాలు తపస్సు కాలమంటాయి. విభూది బుధవారంతో మొదలై ఈస్టరు ముందటి శనివారంతో ముగిసే ఈ కాలం క్యాలెండరు లెక్కలో నలభై ఆరు రోజులుంటుంది గాని, ప్రతి ఆదివారమూ యేసు పునరుత్థానాన్ని తలచుకునే పండుగ దినమే కనుక నడుమ వచ్చే ఆరు ఆదివారాలను ఉపవాసపు గణనలోంచి తీసివేస్తారు. యేసు అరణ్యంలో నలభై దినాలు ఆహారం లేకుండా గడిపాడన్న సువార్త వృత్తాంతం ఈ సంఖ్యకు మూలం. క్రీ.శ. 325లో నైసియాలో కూడిన సభ చేసిన నియమాలలో నలభై దినాల కాలం ప్రస్తావన ఉన్నందువల్ల, అప్పటికే అది సంఘాలకు పరిచయమైన ఆచారమని చెప్పవచ్చు. ప్రార్థన, ఉపవాసం, దానధర్మం అనే మూడింటిని ఈ కాలపు ప్రధాన సాధనలుగా దీన్ని పాటించే శాఖలన్నీ చెబుతాయి. అయితే ఈ మూడూ ఒక ఊరిలో, ఒక వాడలో, ఒక పంట కాలంలో ఏ రూపం తీసుకుంటాయన్నది వేదాంత గ్రంథాలలో దొరకదు; దానికి ఆ ఊరి పొయ్యిలూ, పొలాలూ, సాయంకాలాలూ తెలియాలి.

హైదరాబాదుకు దక్షిణాన షంషాబాద్ చుట్టుపక్కల పల్లెలలో ఇరవయ్యో శతాబ్దంలో అటువంటి శ్రమకాల జీవితం ఒకటి ఉండేది. విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాల నేల పోయి, దాని వెంట రహదారులూ, గిడ్డంగులూ, ఇళ్ల వెంచర్లూ వచ్చి, కూలినాలి స్వరూపమే మారిపోయాక ఆ జీవితం దాదాపు కనుమరుగైంది. విశ్వాసం సన్నగిల్లినందువల్ల ఇది జరిగిందనుకోవడం పొరపాటు. ఈ ప్రాంతంలో ప్రార్థనా మందిరాల సంఖ్య పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ సాధనలకు ఆధారంగా నిలిచిన ఉమ్మడి సాయంకాలం, ఒకే పంట మీద బతికే ఇరుగుపొరుగు, నడిచి చేరుకోగల దూరం పోవడమే అసలు కారణం. ఈ భేదాన్ని గుర్తించకుండా పాత ఆచారాలను కొత్త తరానికి అప్పగించాలనుకునేవారు తామెందుకు విఫలమవుతున్నారో అర్థం చేసుకోలేరు.

ఈ నేల మీద క్రైస్తవ సంఘాలు వేర్వేరు దారుల్లో వచ్చాయి. వికారాబాద్, తాండూరు వైపు మెథడిస్టులు పనిచేశారు. ధారూరులో 1923లో మొదలై నేటికీ ఏటా నవంబరులో జరిగే క్రైస్తవ జాతర వారిదే. మెదక్ వైపు వెస్లియన్ మిషన్ పెంచిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్‌ఐలో కలిశాయి. షంషాబాద్ నుంచి దక్షిణంగా మహబూబ్‌నగర్ దాకా మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు విస్తరించాయి. మెన్నోనైట్లంటే పదహారో శతాబ్దపు ఐరోపాలో మెన్నో సైమన్స్ పేరున ప్రసిద్ధికెక్కిన, ఆయుధం పట్టడాన్ని నిరాకరించిన, నిరాడంబర జీవితాన్ని నియమంగా చేసుకున్న సమాజం. వారిలోంచి 1860లో దక్షిణ రష్యాలో విడివడిన శాఖే మెన్నోనైట్ బ్రదరెన్. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో తెలుగు దేశానికి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చినవారు హైదరాబాదు చుట్టూ మిషన్ కేంద్రాలు నెలకొల్పారు. మొదటి రాకకు నూరేళ్లు నిండిన గుర్తును పేరులోనే ఉంచుకున్న మెన్నోనైట్ బ్రదరెన్ సెంటినరీ బైబిల్ కళాశాల షంషాబాద్‌లోనే ఉంది.

మెన్నోనైట్ మిషనరీలు తెచ్చిన ఆరాధనలో నుదుట విభూది రాయడం, పీఠానికి ఊదారంగు వస్త్రం కప్పడం వంటివి లేవు. సంఘ సంవత్సరపు క్యాలెండరుకు వారు పెద్ద ప్రాధాన్యం ఇవ్వలేదు. అయినా శుభ శుక్రవారాన్నీ దానికి ముందటి దినాలనూ పాటించే తీరులో ఈ పల్లెల సంఘాల మధ్య పెద్ద తేడా కనిపించేది కాదు. అల్లుడు మెథడిస్టు ఊరివాడై, కోడలు సీఎస్‌ఐ సంఘం నుంచి వచ్చి, పాటల పుస్తకం అందరిదీ ఒకటే అయినప్పుడు ఆచారాలు వేలు విడిచిన బంధుత్వాల గుండానైనా ఇల్లిల్లూ తిరుగుతాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే ఆ పుస్తకంలో పాటల తలన రాగమూ తాళమూ ముద్రించి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి వంటి కవులు రచించిన సిలువ శ్రమల కీర్తనలు అందులో ఒక ప్రత్యేక భాగం. చదువు రానివారు సైతం వాటిని మొదటి నుంచి చివరిదాకా కంఠతా పాడేవారు.

ఇక్కడి సంఘాలలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన కూలీలు, కౌలుదారులు, చిన్న కమతాల రైతులు. వారి శ్రమకాలాన్ని అర్థం చేసుకోవాలంటే మొదట ఒక ప్రశ్నను ఎదుర్కోవలసి ఉంటుంది: ఏడాదిలో సగం రోజులు అర్ధాకలితో ఉండే ఇంట్లో ఉపవాసానికి అర్థమేమిటి? ఐరోపా సంఘాలలో ఉపవాసం మాంసాన్నీ, గుడ్లనూ, వెన్ననూ మానడంతో మొదలైంది. అవి ఇంట్లో ఉన్నవారికే మానడం సాధ్యం. జొన్న గట్క, పచ్చి పులుసు, పుంటికూర, వారానికో పక్షానికో ఒకసారి నీసు తినే ఇంట్లో ఏది వదిలితే అది త్యాగమవుతుంది? పైగా శ్రమకాలం మాఘ ఫాల్గుణాలలో వస్తుంది. జొన్న కోతలూ, చింతపండు దులపడమూ జరిగే రోజులవి. కూలి దొరికే ఆ రోజుల్లో కడుపు మాడ్చుకుని ఎండలో వంగి పనిచేయడం ఎవరికైనా కష్టమే.

ఈ ప్రశ్నకు పల్లెలు చెప్పుకున్న సమాధానం ఏ సభా నియమంలోనూ లేదు, కానీ దానిలో లోతైన వివేకం ఉంది. చాలా ఇళ్లలో ఉపవాసం ఒక్కపొద్దు రూపం తీసుకుంది. ఒక్కపొద్దు అంటే దినానికి ఒకేసారి, పొద్దుగూకాక భోజనం చేయడం. శనివారాలు వేంకటేశ్వరుడికి ఉండేవారూ, రంజాను నెలలో రోజా ఉండే ముస్లిములూ ఈ ప్రాంతంలో ఆ మాటతోనే తమ నియమాన్ని చెప్పుకునేవారు. నలభై రోజులూ ఉండలేనివారు శుక్రవారాలు ఉండేవారు. బాలింతలకూ, ముసలివారికీ, పగలంతా కోతకు వెళ్లేవారికీ అంబలి తాగడానికి అభ్యంతరం లేదు. దీనికంటే కఠినమైనది కల్లు మానడం. ఈత వనాలు నిండుగా ఉన్న ఆ నేలలో కల్లు కేవలం మత్తు కాదు. పొలంలో కూలికి తోడుగా పోసేది, చావింట్లో దుఃఖానికి తోడుగా పోసేది, చుట్టం వస్తే మర్యాదగా పోసేది అదే. దాన్ని ఒంటరిగా మానాలనుకునేవాడు ఏదో ఒక గడప దగ్గర ఓడిపోతాడు. వాడ మొత్తం నలభై రోజులు మానుకుందని ఊరందరికీ తెలిసినప్పుడు మాత్రం ఆసామి కూడా పోయడు, కల్లు గీసే గౌండ్ల ఇంటివారు కూడా ఏమీ అనుకోరు. ఆ నియమం వ్యక్తి సంకల్పం మీద గాక సంఘం మొత్తం ఇచ్చే అండ మీద నిలబడింది. నేటి నగర జీవితంలో ఎవరికి వారు ఏకాంతంగా పెట్టుకునే శ్రమకాల నియమాలు రెండో వారానికే సడలిపోవడాన్ని ఈ వెలుగులో చూడవలసి ఉంటుంది.

దానధర్మం తీసుకున్న రూపం పిడికెడు గింజలు. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా, చేటలో చెరిగి కడగడానికి సిద్ధం చేసిన బియ్యంలోంచో జొన్నరవ్వలోంచో ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి, పక్కన వేరుగా ఉంచిన చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండను చర్చిలో ఉన్న గంపలో ఒంపేవారు. తెలుగు సంఘాలలో విస్తృతంగా ఉన్న ఈ పద్ధతిని దోర్నకల్ అధ్యక్ష మండలంలో బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఎంతో ప్రోత్సహించాడు. 1912లో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన ఆయన, బీదవారు ఇవ్వలేరన్న అభిప్రాయాన్ని అంగీకరించలేదు. పరాయి దేశపు డబ్బు మీద బతికే సంఘానికి ఆత్మగౌరవం ఉండదనీ, ఇవ్వగలిగే రూపాన్ని చూపిస్తే అందరూ ఇస్తారనీ బోధించాడు. పిడికెడు గింజల గొప్పతనం దాని కొలతలో ఉంది. చెయ్యే కొలపాత్ర కనుక పేద ఇంటి పిడికెడూ, కలిగిన ఇంటి పిడికెడూ దాదాపు ఒకటే. పైగా అది మిగిలినది ఇవ్వడం కాదు, వండకముందే తీసి ఇవ్వడం. డబ్బు చేతిలో ఆడని ఇంట్లో, ఆడవారి అధీనంలో ఉండే ఒకే ఒక్క సంపద ఆ వంటింటి ధాన్యం. దానిమీద ఎవరినీ అడగకుండా నిర్ణయం తీసుకునే అధికారం వారిదే. అందువల్ల ఈ సాధన ఆడవారి సాధనగా నిలిచింది. గంపలో చేరిన ధాన్యాన్ని ఆరాధన తర్వాత వేలం పాట పెట్టి, వచ్చిన పైకంతో బోధకుడి జీతమో, దీపపు నూనో, విధవరాలి ఇంటి కప్పో చూసేవారు.

ప్రార్థన విషయానికి వస్తే, శ్రమకాలపు ఇంటింటి కూటాలు ఆ జీవితానికి ప్రాణం. బోధకుడంటే అభిషేకం పొందిన పాదిరి కాదు. కొద్దిపాటి బైబిలు శిక్షణ పొంది ఊళ్లోనే కాపురముండి బడి చెబుతూ ప్రార్థనలు నడిపేవాడు. జనం అయ్యగారని పిలుచుకునే పాదిరి ఒక్కరే పదీ పదిహేను ఊళ్లు చూడవలసి రావడంతో నిత్యపు భారమంతా బోధకుడి మీదా, లేఖనాలు చెప్పే బైబిలు స్త్రీల మీదా ఉండేది. పొద్దుగూకి, పశువులను కట్టేసి, గిన్నెలు కడిగేశాక, ఆ రోజు వంతు వచ్చిన ఇంటి వాకిట్లో నీళ్లు చల్లి గొంగళ్లు, చాపలు పరిచేవారు. గడప పక్కన బిందెలో నీళ్లు, చెంబు సిద్ధంగా ఉండేవి. పొలం నుంచి నేరుగా వచ్చిన వారి మట్టి కాళ్ల మీద ఆ ఇంటి పిల్లో, కోడలో నీళ్లు పోసేది. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన వృత్తాంతాన్ని పవిత్ర గురువారం నాడు ఆచారంగా నడిపే సంఘాలు లోకంలో చాలా ఉన్నాయి. మెన్నోనైట్ శాఖలు కొన్ని దాన్ని ప్రభు భోజనంతో సమానంగా పాటించాయి. ఈ వాకిళ్లలో అది నలభై సాయంత్రాలూ జరిగేది, ఎవరూ దానికి ఆ పేరు పెట్టకుండానే. ఊరి బావి దగ్గర నీళ్లు ముట్టుకోనివ్వని రోజులనుంచి వచ్చిన జనానికి తమ కాళ్ల మీద మరొకరు ఆదరంతో పోసే నీళ్లు ఎటువంటివో వేరే వివరించనక్కర్లేదు.

కందీలు వెలుతురులో ఆ రోజు భాగాన్ని చదువు వచ్చిన పిల్లవాడెవరైనా చదివేవాడు, బోధకుడు దానిని కథగా విప్పేవాడు, మిగిలిన పొద్దంతా పాట. కంజిర, తాళాలు, ఎక్కడైనా ఒక హార్మోనియం ఉండేవి. డప్పు విషయంలో మాత్రం సంఘాలలో చిరకాలం ఒక సందిగ్ధత ఉంది. గ్రామదేవతల కొలువుల్లోనూ, చావుల్లోనూ వెట్టిగా వాయించవలసి వచ్చిన వాద్యం కనుక మిషనరీలూ, చదువుకున్న తొలితరం క్రైస్తవులూ దానిని ఆరాధనకు దూరంగా ఉంచారు. ఆ జాగ్రత్తలో కొంత న్యాయం ఉన్నా, తమ చేతిలోని శ్రేష్ఠమైన కళను గుమ్మం బయట వదిలి రమ్మనడం వల్ల జరిగిన నష్టం కూడా చిన్నది కాదు. చర్చిలోకి రానీయని డప్పు వాకిట్లో మాత్రం కొన్నిచోట్ల మోగేది. కూటాల నడుమ పిల్లలకు కంఠత వాక్యాలు అప్పగించేవారు. శ్రమకాలం ముగిసేసరికి సిలువ వృత్తాంతం మొత్తం నోటికి వచ్చిన పిల్లలు వాడకు నలుగురైదుగురు ఉండేవారు, మరునాటి బోధకులు తరచుగా వారిలోంచే తేలేవారు.

ఈ నలభై రోజులూ పెళ్లిళ్లు చేయరు. పొరుగు కులాలవారి ఇళ్లలో ఫాల్గుణ ముహూర్తాలకు మేళాలు మోగుతున్నా క్రైస్తవ ఇళ్లు ఈస్టరు దాటేదాకా ఆగేవి. ఆడవారు తలలో పూలు పెట్టుకోవడం మానేవారు. ఇవి చిన్న నియమాలు. వీటికంటే బరువైనది సమాధానపడటం. ప్రభు భోజన సంస్కారం ఏడాదికి కొద్దిసార్లే, పాదిరి వచ్చినప్పుడే దొరికేది కనుక పవిత్ర గురువారపు సంస్కారానికి ముందు వాడలోని తగాదాలు తేలిపోవాలన్న పట్టుదల ఉండేది. గట్టు తగాదా, కోడి తగాదా, ఆడపిల్లకు పెట్టవలసినది పెట్టలేదన్న మనస్తాపం, ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ముల పంతం, ఇవన్నీ చివరి రెండు వారాల్లో బోధకుడూ సంఘపెద్దలూ ఇంటికి వెళ్లి కదిలించేవారు. రాజీకి రానివాడు సంస్కారం దగ్గరికి రాకూడదన్నది నియమం. అతడు రాకపోతే ఊరంతా చూస్తుందన్నది ఆ నియమపు బలం. ఇందులో ఒత్తిడి ఉందన్నది కాదనలేని సంగతి, బలహీనులే ఎక్కువసార్లు తగ్గవలసి వచ్చి ఉంటుందన్నదీ ఊహించదగినదే. అయినా కోర్టు మెట్లెక్కే స్తోమత లేని జనానికి ఏడాదికొకసారి మనస్పర్థలు కడిగివేసుకునే కాలం ఒకటి నియతంగా వచ్చేది. ఇప్పుడు వారి మనుమలకు అటువంటి కాలమేదీ లేదు.

మట్టల ఆదివారం నాడు, అంటే యేసు యెరూషలేములో ప్రవేశించినప్పుడు జనం కొమ్మలు పట్టి ఎదురేగిన దినాన, ఈ మెట్ట నేలలో కొబ్బరి మట్టలకు బదులు ఈత మట్టలు పట్టుకుని వాడ చుట్టూ పాడుతూ తిరిగేవారు. శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జరిగే సిలువ ధ్యానం అన్ని శాఖలకూ ఉమ్మడిది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు ఒక్కొక్కటిగా తీసుకుని వివరిస్తారు, మాటకూ మాటకూ నడుమ ఒక కీర్తన ఉంటుంది. పల్లె చర్చిలలో ఏడుగురు బోధకులు దొరకరు కనుక సంఘపెద్ద, బైబిలు స్త్రీ, పట్నంలో చదివే కుర్రవాడు, ఒక్కోసారి చదువే రాని వృద్ధురాలు ఆ మాటలు పంచుకునేవారు. దప్పిక గురించిన అయిదో మాట సరిగ్గా ఎండ మండిపోయే వేళకు వచ్చేది. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టని జనం ముందు దానికి వ్యాఖ్యానం పెద్దగా అవసరముండేది కాదు. తెల్లచీరలతో, తెల్లపంచెలతో బయటికి వచ్చినవారికి మూడు దాటాక మజ్జిగో అంబలో ఇచ్చేవారు.

ఈస్టరు తేదీని వసంత విషువత్తు తర్వాతి పున్నమిని బట్టి, ఆ పున్నమి తర్వాత వచ్చే ఆదివారంగా నిర్ణయిస్తారు. అందువల్ల పవిత్ర వారం ప్రతి ఏడూ నిండు వెన్నెలకు దగ్గరగా వస్తుంది. కరెంటు లేని కాలంలో ఊరూరా పాడుకుంటూ నడవడానికి ఈ ఏర్పాటు ఎంతో ఉపకరించింది. శనివారం నాడు సమాధుల తోటలో ముళ్ల కంపలు తీసి, మట్టి దిబ్బలను సరిచేసి, సున్నం పూసేవారు. ఆదివారం కోడికూతకు ముందే బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళ్లి, చనిపోయిన తమవారి సమాధుల నడుమ నిలబడి పునరుత్థాన కీర్తనలు పాడి, అక్కడినుంచే చర్చికి నడిచేవారు. ఈ ఒక్క ఆచారం నేటికీ హైదరాబాదు నగరంలోనూ చెక్కుచెదరకుండా ఉంది.

షంషాబాద్ విమానాశ్రయానికి 2005 మార్చి 16న, శ్రమకాలపు చివరి పక్షంలో శంకుస్థాపన జరిగింది. 2008లో మార్చి 14న, మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు దానిని ప్రారంభించారు. రాకపోకలు మాత్రం మార్చి 23 తొలి గంటల్లో, సరిగ్గా ఈస్టరు నాడు మొదలయ్యాయి. ఆ ఏడు శుభ శుక్రవారం మర్నాడే హోలీ. ఈస్టరు అంత తొందరగా రావడం అరుదు. బేగంపేట పాత విమానాశ్రయంలో విమానాలు ఆగి ఇక్కడ వాలిన ఆ తెల్లవారుజామునే చుట్టుపక్కల ఊళ్లలో సమాధుల తోటలకు కొవ్వొత్తులు బయలుదేరి ఉంటాయి. అదే సంవత్సరం నవంబరులో గచ్చిబౌలి నుంచి షంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు, 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చాయి. పొలాలు అమ్ముకున్నవారికి కొంతకాలం డబ్బు ఆడింది. పొలం లేక కూలి మీదే బతికినవారికి అమ్ముకోవడానికీ ఏమీ లేదు. వారి పిల్లలు విమానాశ్రయంలో ఊడ్చేవారిగా, సామాన్లు మోసేవారిగా, కాపలాదారులుగా, క్యాబు డ్రైవర్లుగా కుదిరారు. నెల జీతం వచ్చింది, కడుపు నిండింది. దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ ఉద్యోగాలు రాత్రింబవళ్లు మూడు షిఫ్టులలో సాగుతాయి. ఒకే ఇంట్లో తండ్రి రాత్రి షిఫ్టులో, తల్లి పగటి షిఫ్టులో ఉంటే వాడంతా ఒకచోట కూర్చునే సాయంత్రం ఎక్కడిది? నలభై దినాల కూటాలు చాలాచోట్ల శుక్రవారపు ఉపవాస ప్రార్థనలుగా కుదించుకుపోయాయి. పిడికెడు బియ్యం స్థానంలో కవరులో పెట్టి ఇచ్చే కానుక వచ్చింది. అది సంఘానికి వెసులుబాటే గాని, రోజుకు రెండుసార్లు చేతికి గుర్తుచేసే గుణం దానికి లేదు. వాకిట్లో కంజిర స్థానంలో మందిరంలో కీబోర్డూ, స్పీకర్లూ వచ్చాయి. పాడే గొంతులు తగ్గి వినే చెవులు పెరిగాయి. అద్దె ఇళ్ల గదుల్లో పొరుగువాడి పేరే తెలియనిచోట తగాదాలూ తక్కువే, రాజీలూ తక్కువే.

ఈ మార్పుల నడుమ షంషాబాద్ పేరు క్రైస్తవ లోకంలో మరొక విధంగా వినబడింది. 2017 అక్టోబరు 10న పోప్ ఫ్రాన్సిస్ షంషాబాద్ పేరుతో సిరో మలబార్ సంఘానికి ఒక కొత్త అధ్యక్ష మండలాన్ని ఏర్పరచి, దేశంలో ఆ సంఘపు ఇతర మండలాల పరిధిలోకి రాని ప్రాంతాలన్నిటినీ దాని కిందికి తెచ్చాడు. దాని తొలి బిషప్పు రాఫేల్ తట్టిల్ 2024 జనవరిలో ఆ సంఘానికంతటికీ అధిపతిగా ఎన్నికయ్యాడు. సిరో మలబార్ సంఘం కేరళలో పుట్టి సిరియక్ సంప్రదాయాన్ని అనుసరించేది. వారి శ్రమకాలం బుధవారానికి గాక అంతకుముందు సోమవారానికే మొదలవుతుంది, యాభై దినాల నోము అని పేరు. పవిత్ర గురువారం రాత్రి ఇంటి పెద్ద పులియని రొట్టెను కోసి, పాలతో పాటు ఇంటిల్లిపాదికీ పంచే ఆచారం వారికి ఉంది. పరదేశంలో ఒంటి కుటుంబంగా బతికేవారు కూడా దానిని వదలరు, ఎందుకంటే దానికి ఇల్లు చాలు, ఊరు అక్కర్లేదు. షంషాబాద్ తెలుగు క్రైస్తవుల సాధనలలో అధికభాగానికి ఊరు కావాలి. ఊరు చెదిరినప్పుడు ఏవి నిలిచాయో, ఏవి పోయాయో ఈ పోలికలో తేటపడుతుంది.

పాత ఆచారాలను ఏం చేయాలన్న సమస్య మీద గట్టిగా ఆలోచించిన పండితుడు ఒకడు ఈ షంషాబాద్‌లోనే పుట్టడం విశేషం. 1932లో ఇక్కడి మెన్నోనైట్ మిషనరీ దంపతులకు జన్మించిన పాల్ హీబర్ట్ తర్వాత మానవశాస్త్రవేత్త అయి, మహబూబ్‌నగర్, అంటే పాలమూరు ప్రాంతపు కొండూరు అనే పల్లె సామాజిక నిర్మాణం మీద 1971లో ఒక గ్రంథం ప్రచురించాడు, 2007లో మరణించాడు. పాత ఆచారాలను మూఢమని తోసివేయడమూ, మనవని కళ్లు మూసుకుని స్వీకరించడమూ రెండూ తప్పేనని ఆయన వాదించాడు. తోసివేసిన ఆచారం చాటుగా బతుకుతుంది, పరీక్షించకుండా తీసుకున్నది విశ్వాసాన్నే మార్చివేస్తుంది. కనుక మొదట ఆ ఆచారం జనానికి ఏం చేస్తున్నదో వారి నోటనే తీర్పు లేకుండా తెలుసుకోవాలి. తర్వాత దానికి సంబంధించిన లేఖన భాగాలను వారితో కలిసి చదవాలి. ఏది ఉంచాలో, ఏది మార్చాలో, ఏది విడవాలో సంఘమే తేల్చుకోవాలి. చివరగా కొత్త రూపం కట్టాలి. ఆయన దీనిని క్రైస్తవేతర ఆచారాలను దృష్టిలో ఉంచుకుని ప్రతిపాదించినా, క్రైస్తవుల సొంత పాత ఆచారాలకూ ఇది అంతే చక్కగా సరిపోతుంది.

ఏది నిలుస్తుందో తేల్చే పరీక్ష ఒకటి అనుకోకుండా 2020లో జరిగింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండి, ప్రయాణికుల విమానాలు ఆగిపోయి, ఏప్రిల్ 10 నాటి శుభ శుక్రవారానికీ 12 నాటి ఈస్టరుకూ మందిరాలు మూతపడ్డాయి. షిఫ్టులు నిలిచిన ఇళ్లలో పవిత్ర వారపు సాయంత్రాలు కుటుంబమంతా ఒకచోట కూర్చోవలసి వచ్చింది. ఏడు మాటలను ఇంట్లోని ఏడుగురో, నలుగురో పంచుకున్నారు, తాతమ్మల నోట్లో మిగిలిన కీర్తనలకు మళ్లీ వినేవారు దొరికారు. అదే వారాలలో పట్నం విడిచి వేలాది వలస కూలీలు జాతీయ రహదారుల వెంట నడిచిపోతుంటే సంఘాలు బియ్యం, పప్పు పోగుచేసి పంచాయి. ఉపవాసం ఆకలిగొన్నవారికి ఆహారం పంచడంతో ముడిపడకపోతే దేవుడు దానిని అంగీకరించడని చెప్పే యెషయా గ్రంథపు యాభై ఎనిమిదో అధ్యాయం శ్రమకాలంలో ప్రతి మందిరంలోనూ చదివేదే. ఆ ఏడు దానిని పాటించే దారి కళ్లెదుటే ఉంది.

ఈ అనుభవాన్ని బట్టి చూస్తే, ఇంటింటి కూటాలను నలభై రాత్రులూ పునరుద్ధరించాలన్న ప్రయత్నం ఈ షిఫ్టుల ఊళ్లలో నిలిచేది కాదు. శుక్రవారం ఒక్కటైనా, షిఫ్టు మారే వేళను బట్టి మూడు జట్లుగా, ఏ ఇంట్లో వీలైతే ఆ ఇంట్లో కూడటం సాధ్యం. ఏడు మాటలను బయటి ప్రసంగీకులకు అప్పగించకుండా సంఘంలోని క్యాబు డ్రైవరుకూ, ఆయాకూ, నర్సుకూ, ముసలమ్మకూ ఇవ్వడానికి ఏ అడ్డంకీ లేదు. పిడికెడు బియ్యం విషయంలో అసలు ఏ వాదనా అక్కర్లేదు. కుక్కరులో వండే ఇంట్లోనూ బియ్యం కడగకముందు చెయ్యి డబ్బాలోకి వెళ్లక తప్పదు; ప్లాస్టిక్ డబ్బా ఒకటి పొయ్యి పక్కన ఉంచితే నలభై రోజుల్లో ఇద్దరు ముగ్గురున్న ఇంటినుంచి కూడా కొన్ని కిలోలు పోగవుతాయి. విమానాశ్రయం చుట్టూ కట్టడాల దగ్గర రేకుల గుడిసెల్లో ఉండే పాలమూరు, ఒడిశా, బీహారు కూలీలకు ఆ బియ్యం ఈస్టరు ముందు శనివారం చేరవేయడానికి సంఘానికి కావలసింది ఒక ఆటో, ఇద్దరు మనుషులు.